రాకెట్ వెనుక సంతకాలు

2021 డిసెంబరు 25న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఒక టెలిస్కోపు నింగికెగిరింది. దాని ఖరీదు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు. విశ్వం పసితనంలో బయల్దేరిన వెలుగును పట్టుకోగల ఆ పరికరానికి ఏ ఖగోళ శాస్త్రజ్ఞుడి పేరో పెట్టి ఉంటారనుకుంటాం. పెట్టింది జేమ్స్ వెబ్ అనే ప్లీడరు పేరు. లా చదివి, ట్రూమన్ హయాంలో అమెరికా బడ్జెట్ కార్యాలయాన్ని నడిపిన మనిషి ఆయన. 1961లో కెనెడీ నాసా పగ్గాలు ఇస్తానంటే, అది సైంటిస్టు కూర్చోవలసిన కుర్చీ కదా అని మొదట వెనకాడారు. కూర్చున్నాక 1968 దాకా కాంగ్రెస్ చేత డబ్బు మంజూరు చేయిస్తూనే ఉన్నారు. పనులను రాష్ట్రరాష్ట్రానికీ పంచి, చంద్రయాత్ర ఆగిపోతే తమ ఊళ్లో ఉద్యోగాలు పోతాయని ప్రతి సభ్యుడూ బెంగపడేలా చేశారు. 1966 నాటికి ఫెడరల్ ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి వంద డాలర్లలో నాలుగుకు పైగా నాసాకే వెళ్లేవి. ఆ తర్వాత అంత వాటా నాసాకు మళ్లీ దక్కలేదు.

అంతరిక్ష చరిత్రను మనం ఇంజనీర్ల చరిత్రగానే చదువుకున్నాం. భూమి సేకరించినవాళ్లు, పద్దులు చూసినవాళ్లు, ఒప్పందాలు రాసినవాళ్లు, కెమెరా పట్టినవాళ్లు, పల్లెలో కూర్చుని జనం మాట విన్నవాళ్లు ఆ చరిత్రలో ఎక్కడో మూల కనిపిస్తారు, లేదా కనిపించనే కనిపించరు. అరవై ఏళ్లు వెనక్కి తిరిగి చూస్తే నాకు తోచేది వేరు. ప్రతి దశలోనూ సాంకేతికేతరమైన ఏదో ఒక వృత్తి కథను మలుపు తిప్పింది. ఆ సంగతిని తొలినాళ్లలోనే అందరికంటే బాగా పట్టుకున్న దేశం మనదే. తర్వాత దాన్ని మరిచి, మూల్యం చెల్లించుకున్నదీ మనమే.

అపోలో రోజులతో మొదలుపెడదాం. చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ తొడుక్కున్న సూటు కుట్టింది డెలవేర్ రాష్ట్రంలోని డోవర్‌లో, ప్లేటెక్స్ పేరుతో ఆడవాళ్ల లోదుస్తులు అమ్మిన ఇంటర్నేషనల్ లేటెక్స్ సంస్థ. పెద్ద పెద్ద రక్షణ కంపెనీలను కాదని ఆ పని దీనికి దక్కింది. బ్రాలు, నడుం పట్టీలు కుట్టిన చేతులే ఇరవై ఒక్క పొరల ఆ దుస్తును కుట్టాయి. కుట్టు అంగుళంలో అరవై నాలుగో వంతు కూడా పక్కకు పోకూడదు. ఒక గుండుసూది పొరల మధ్య ఉండిపోయిందంటే లోపలి మనిషి ప్రాణం పోయినట్టే. అందుకే సూదులకు లెక్క ఉండేది, సూటుకు ఎక్స్‌రే తీసేవారు. కుట్టుపని సాంకేతికం కాదని ఎవరు తేల్చారో మరి! ఆ మహిళలకు డిగ్రీలు లేవు కాబట్టి వాళ్లను ఈ వ్యాసంలోకి తెచ్చానే గానీ, వాళ్ల పని మాత్రం ఏ ఇంజనీరు పనికీ తీసిపోదు.

ఇంకో మనిషి జూలియన్ షీర్. షార్లట్ నగరంలో పత్రికా విలేఖరిగా పనిచేసి నాసా ప్రజాసంబంధాల అధిపతి అయ్యారు. వ్యోమనౌకలో ప్రతి ఔన్సూ లెక్కే, టీవీ కెమెరా దండగ అని ఇంజనీర్లు వాదించారు. పన్ను కట్టేవాడికి చూసే హక్కు ఉందన్నది షీర్ పక్షం. ఆ పక్షం నెగ్గబట్టే 1969 జులైలో దాదాపు 60 కోట్లమంది చంద్రుడి మీద మనిషి నడవడం చూశారు. మనవాళ్లు చూడలేదు. అప్పటికి ఢిల్లీ దాటి ఎక్కడా టీవీ లేదు. తెలుగు ఇళ్లలో ఆ వార్త రేడియోలో విన్నారు, మర్నాడు పేపర్లో చదివారు.

అవతలి పక్షాన సోవియట్ యూనియన్‌లో ఈ వృత్తికి అర్థమే వేరు. 1961 ఏప్రిల్ 12న గగారిన్ వార్తను దేశానికి చదివి వినిపించిన యూరీ లెవిటన్ గొంతు, యుద్ధకాలంలో విజయవార్తలు చదివిన గొంతే. కానీ ఆ రాకెట్ రూపకర్త కొరొల్యోవ్ పేరు 1966లో ఆయన చనిపోయేదాకా బయటికి రాలేదు. అక్కడ ప్రచారకుడి పనిలో సగం చెప్పడం, సగం దాచడం.

ఇక మన కథ. కేరళ తీరాన మన తొలి రాకెట్ కేంద్రమైన తుంబా గురించి తెలియని పాఠకుడు ఉండడు. భూమి అయస్కాంత మధ్యరేఖ దగ్గరగా పోతుంది కాబట్టి విక్రమ్ సారాభాయ్ ఆ బెస్తపల్లెను ఎంచుకున్నారు. అక్కడ సెయింట్ మేరీ మగ్దలీన్ చర్చి ఉంది, జనం ఉన్నారు. బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా ఆదివారం ప్రార్థనలో ఆ ప్రతిపాదనను పల్లె ముందుపెట్టి ఒప్పించిన ఘట్టాన్ని అబ్దుల్ కలాం చాలాసార్లు చెప్పారు. జిల్లా కలెక్టర్ మాధవన్ నాయర్ భూమి పని పూర్తిచేశారు. చర్చి ఆఫీసూ వర్క్‌షాపూ అయింది, ఇప్పుడది మ్యూజియం. పల్లె పల్లితురకు తరలింది, అక్కడ కొత్త చర్చి వెలిసింది. 1963 నవంబరు 21న అమెరికా ఇచ్చిన నైకీ-అపాచీ రాకెట్ ఎగిరింది. మూడేళ్ల తర్వాత హెన్రీ కార్టియే బ్రెస్సాన్ తీసిన ఫొటో, సైకిలు మీద పెట్టిన రాకెట్ ముక్కును పట్టుకుని నడుస్తున్న మనుషులది, మన అంతరిక్ష కార్యక్రమానికి ఈనాటికీ గుర్తు. ఆ కాలంలో తుంబాలో తయారైన నివేదికలు ఎందరికి గుర్తున్నాయి?

కథ ఇంత తియ్యగా చెప్పుకుంటాం గానీ, ఊరు ఖాళీ చేయడం తియ్యటి పని కాదు. బిషప్ మాట, కలెక్టర్ సంతకం వెనుక సముద్రం మీద బతికేవాళ్ల ఇళ్లు కదిలాయి. శ్రీహరికోటలో అది ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 1968లో తూర్పు తీరాన స్థలం వెతకమని సారాభాయ్ తన సహచర శాస్త్రవేత్త ఇ.వి. చిట్నిస్‌కు చెబితే, ఆయన పటాల కోసం వెళ్లింది నాటి ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల డైరెక్టర్ ఆబిద్ హుస్సేన్ దగ్గరికి. తర్వాతి కాలంలో ప్రణాళికా సంఘం సభ్యుడిగా, అమెరికాలో రాయబారిగా పేరు తెచ్చుకున్న ఐఏఎస్ ఆయన. శ్రీహరికోట పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ కదురులా సాగిన దీవి. మద్రాసు పొయ్యిలకు వంటచెరకు పంపిన అడవి అది, బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో కట్టెలు పోయేవి. నలభై వేల ఎకరాలకు పైగా సేకరించారు. తరతరాలుగా అక్కడే బతికిన యానాదుల పేర్లు ఏ రికార్డులో ఎంతవరకు ఎక్కాయో గానీ, వాళ్లలో కొన్ని కుటుంబాలు దీవిలోనే ఉండిపోయాయి, కొందరు కేంద్రంలో కూలి పనుల్లో కుదిరారు. అడవిలో దారి తెలిసినవాడి జ్ఞానానికి జీతాల పట్టికలో గడి లేదు.

1971 అక్టోబరు 9న రోహిణి-125 అక్కడి నుంచి ఎగిరింది. ఆ తర్వాత దగ్గర్లోని సూళ్లూరుపేట మారింది. రాకెట్ పట్టణం అంటే మనకు లాంచ్‌ప్యాడ్ కనిపిస్తుంది. అక్కడి ఉద్యోగ ప్రకటనలు చూస్తే అసలు పట్టణం కనిపిస్తుంది: లైట్ వెహికిల్ డ్రైవరు, హెవీ వెహికిల్ డ్రైవరు, ఫైర్‌మ్యాన్, నర్సు, కుక్, లైబ్రరీ అసిస్టెంటు, స్టోర్స్ ఆఫీసరు. స్పేస్ సెంట్రల్ స్కూల్లో తెలుగు, సోషల్ చెప్పే టీచర్లకూ జీతం వచ్చేది అంతరిక్ష శాఖ నుంచే. జాతీయ పత్రికలు ప్రయోగానికి ముందు ఇస్రో చైర్మన్ చెంగాళమ్మ గుడికి వెళ్లడం గురించి ఏటా వ్యాఖ్యలు రాస్తాయి. సరస్సు మీది రోడ్డున తెల్లవారుజామున షిఫ్టు బస్సులు నడిపేవాళ్ల గురించి రాయవు.

1972 జూన్‌లో అంతరిక్ష సంఘం, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి. వాటి పగ్గాలు చేపట్టిన సతీశ్ ధావన్ ప్రధాన కార్యాలయాన్ని ఢిల్లీకి దూరంగా బెంగళూరులో పెట్టారు. సంఘంలోనే ఆర్థిక సభ్యుడు ఉంటాడు, అంటే ఖజానా మనిషి బల్లకు ఇవతలి పక్కనే కూర్చుంటాడు. ఫైలు ఢిల్లీకి వెళ్లి నెలల తరబడి పడి ఉండే పని తప్పింది. విదేశీ మారకద్రవ్యం కరువైన ఆ రోజుల్లో దిగుమతి లైసెన్సు, కస్టమ్స్ మినహాయింపు, టెండరు నిబంధనల సడలింపు లేకుండా ఒక్క ట్రాన్సిస్టరు కూడా ఓడ దిగేది కాదు. ఆ తొలి సంవత్సరాల్లో జాయింట్ సెక్రటరీగా పనిచేసినవారు టి.ఎన్. శేషన్. అవును, తర్వాత ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా పార్టీలను గడగడలాడించిన శేషనే. 1980లలో అదనపు కార్యదర్శిగా మళ్లీ ఈ శాఖకే వచ్చారు. ఆ కాలపు ఇస్రో విజయాలను తలచుకునేటప్పుడు ఈ పేరు వినబడదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయానికి వస్తున్నాను, కాస్త ఆగి చెబుతాను. 1969 సెప్టెంబరులో నాసాతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటీఎస్-6 అనే అమెరికన్ ఉపగ్రహం ఏడాదిపాటు మనకు అరువు దొరికింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు నేరుగా టీవీ. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూటికి వాడే ఇనుపవలతో పది అడుగుల డిష్ చేసి బడి మీదనో పంచాయతీ ఆఫీసు మీదనో నిలబెట్టారు. ఆ ప్రయోగం పేరు సైట్. ఉపగ్రహం అమెరికా వాళ్లది, డిష్ చవకది. మరి అసలు కష్టం ఎక్కడుంది? రోజూ ఏం చూపాలి అన్నదగ్గర. నాలుగు గంటలు ఖాళీ ఉపగ్రహాన్ని తిప్పితే ఎవరికి లాభం?

అందుకని అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రంలో యశ్‌పాల్, చిట్నిస్ చుట్టూ రకరకాల మనుషులు చేరారు. ఐఐఎం నుంచి వచ్చిన కిరణ్ కార్నిక్ అక్కడ పనిచేశారు. ఆయన తర్వాత నాస్కామ్ అధ్యక్షుడయ్యారు. బినోద్ అగ్రవాల్ అనే మానవశాస్త్రజ్ఞుడు సామాజిక పరిశోధన చూశారు. ఆయన బృందంలోని పరిశోధకులు పల్లెల్లో నెలల తరబడి కాపురం పెట్టి, టీవీ ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఏ కులం వాళ్లు వెనక నిలబడుతున్నారు, ఆడవాళ్లు ఏ కార్యక్రమానికి ఆగుతున్నారు అని రాసుకున్నారు. ఆకాశవాణి వాళ్లు ఢిల్లీ, కటక్, హైదరాబాద్ కేంద్రాల్లో కార్యక్రమాలు తయారుచేశారు. దృశ్యం ఒకటే, ధ్వని రెండు: ఒకే బొమ్మకు మనవాళ్లు తెలుగులో, పక్క రాష్ట్రం వాళ్లు కన్నడంలో వినేవారు. తెలుగు పల్లెలో వ్యాఖ్యాన రచయిత ఏ మాట వాడాలి, 'ఎరువు' అన్నా 'సత్తువ' అన్నా ఎవరికి అర్థమవుతుంది అన్నది అప్పట్లో అంతరిక్ష కార్యక్రమపు ప్రశ్న. సెలవుల్లో దాదాపు 50 వేల మంది ప్రాథమిక బడిపంతుళ్లకు ఆ ఉపగ్రహం ద్వారా సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ పెట్టెకు కాపలా ఉండి, తాళం తీసి, సాయంత్రానికి జనాన్ని పోగుచేసింది కూడా చాలా ఊళ్లలో ఆ పంతులుగారే.

తిరునాళ్లలా వచ్చిన జనం కొన్ని వారాలకు పలచబడ్డారు. అదీ ఆ పరిశోధకులే రాశారు. విజయగాథ చెప్పుకోవాలనే తొందర వాళ్లకు లేదు. ఒక ప్రభుత్వ శాఖ తన ప్రయోగం ఎక్కడ పట్టలేదో కూడా రాయించుకోవడం నాకు రాకెట్ కంటే అపురూపంగా అనిపిస్తుంది. సైట్ ముగిశాక గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో, పిజ్ అనే ఊరి ట్రాన్స్‌మిటర్‌తో అదే పని కొనసాగింది. పల్లెవాళ్లే నటించారు, కూలి రేట్లు, అంటరానితనం మీద నాటకాలు వేశారు. 1984లో యునెస్కో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఆ ట్రాన్స్‌మిటర్‌ను పీకి మద్రాసుకు తీసుకుపోయారు, అక్కడ రెండో చానెల్ కోసం.

ఆ తరలింపుతో ఒక యుగం ముగిసిందని నా లెక్క. 1982లో ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, 1983లో ఇన్సాట్-1బి వచ్చింది, దూరదర్శన్ దేశమంతా పాకింది. ఏం చూపాలన్నది ఇక అంతరిక్ష శాఖ పని కాదు. మానవశాస్త్రజ్ఞులు, నాటక దర్శకులు పక్కకు తప్పుకున్నారు. ఇస్రోలో ఇంజనీరు కాని ప్రతి ఉద్యోగానికీ 'అడ్మినిస్ట్రేషన్' అన్న ఒకే చీటీ అతికింది. అంతకుముందే, 1981లో, యాపిల్ అనే మన ఉపగ్రహాన్ని ఎడ్లబండి మీద పెట్టి తీసిన ఫొటో చూసి పేద దేశమని నవ్వినవాళ్లున్నారు. యాంటెన్నా పరీక్షకు చుట్టూ లోహం ఉండకూడదు, లారీ పనికిరాదు, అందుకని బండిని అద్దెకు తెచ్చారు. ఆ ముక్క జనానికి సరిగా చెప్పే మనిషి లేక, పేదరికం కథే నిలిచిపోయింది.

ఈలోగా ప్రపంచంలో అంతరిక్షానికి న్యాయవాదులూ బీమా వాళ్లూ దొరికారు. 1978 జనవరిలో అణు రియాక్టర్ ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మాస్-954 కెనడా వాయవ్య భూభాగాల మీద ముక్కలై పడింది. మంచులో ఆ రేడియోధార్మిక ముక్కలు ఏరడానికి నెలలు పట్టింది. 1972 నాటి బాధ్యతా ఒప్పందాన్ని పట్టుకుని కెనడా 60 లక్షల కెనడియన్ డాలర్లు అడిగింది. 1981లో 30 లక్షలకు రాజీ. ఆ ఒప్పందం కింద వచ్చిన తొలి దావా అది. బీమా కథ ఇంకా సరదా. 1984లో పలాపా, వెస్టార్ అనే రెండు ఉపగ్రహాలు దారితప్పితే బీమాదారులు డబ్బు కట్టి వాటికి యజమానులయ్యారు. నవంబరులో డిస్కవరీ షటిల్ వెళ్లి రెంటినీ పట్టుకొచ్చింది. వ్యోమగామి డేల్ గార్డ్నర్ అంతరిక్షంలో తేలుతూ 'అమ్మబడును' అన్న బోర్డు పట్టుకుని ఫొటో దిగారు. లండన్‌లో లాయిడ్స్ బీమా వారు శుభవార్తగా తమ లూటీన్ గంట కొట్టారు. దారితప్పిన ఉపగ్రహం చెత్త కాదు, బీమావాడి సరుకు అని లోకానికి తెలిసింది.

మనం ఈ పాఠం వేరే బడిలో, చాలా ఖరీదైన ఫీజుతో నేర్చుకున్నాం. 1992లో ఇస్రో వాణిజ్య విభాగంగా యాంట్రిక్స్ పుట్టింది. 1999లో కొరియా, జర్మనీల చిన్న ఉపగ్రహాలను పీఎస్ఎల్‌వీ మోసింది. 2017లో ఒకేసారి 104. రాకెట్ పక్క లెక్క తప్పలేదు. తప్పింది కాగితం పక్క. 2005 జనవరిలో దేవాస్ అనే కంపెనీతో ఎస్-బ్యాండ్ స్పెక్ట్రమ్ మీద యాంట్రిక్స్ కుదుర్చుకున్న ఒప్పందాన్ని 2011లో కేంద్రం రద్దుచేసింది. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ మండలి 56 కోట్ల 25 లక్షల డాలర్లు కట్టమంది. 2022లో మన సుప్రీంకోర్టు దేవాస్‌ను మోసపూరిత కంపెనీ అంటూ మూసివేతను సమర్థించింది. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అధికార పరిధి ప్రశ్నలో దేవాస్ వైపు నిలిచింది. మోసం ఎవరిదన్న వాదన పక్కన పెట్టినా, ఆ సొమ్ము వడ్డీ లేకుండానే చంద్రయాన్-3 ఖర్చు కంటే ఎన్నో రెట్లు. సముద్రంలో పడ్డ ఏ రాకెట్ వల్లా ఇంత చేటు రాలేదు. ఇస్రోలో ప్రతి బోల్టుకూ సమీక్షా సంఘం ఉంటుంది, ఒప్పందంలోని ప్రతి వాక్యానికీ అంత గట్టి సమీక్ష ఉండి ఉంటే అని అనుకోకుండా ఉండలేం.

మాట చెప్పే పనిలోనూ అదే కొరత. 2019 సెప్టెంబరులో చంద్రుడి మీద దిగబోతున్న విక్రమ్ ల్యాండర్‌తో సంబంధం తెగాక, దాని శిథిలాల జాడ నాసా చిత్రాల్లో తొలుత పోల్చింది చెన్నైకి చెందిన ఒక ఔత్సాహికుడు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే యూట్యూబ్‌లో ఒకేసారి 80 లక్షల పైచిలుకు మంది చూశారు. చూసే జనం ఉన్నారు, వాళ్లకు గెలుపునూ ఓటమినీ ఒకే గొంతుతో చెప్పే షీర్ లాంటి విలేఖరులే తక్కువ.

2020 సంస్కరణలతో లెక్క మారింది. ప్రైవేటు వాళ్లకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ వచ్చింది, 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేసింది. దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ అది. అలాంటి కంపెనీలకు ఇంజనీర్లు ఎంత కావాలో, పెట్టుబడి తెచ్చే ఫైనాన్స్ మనిషి, లైసెన్సు దరఖాస్తు రాసే మనిషి, స్పెక్ట్రమ్ గొడవ తేల్చే మనిషి, విదేశీ ఎగుమతి ఆంక్షలు చదివే మనిషి అంత కావాలి. నల్సార్ లా వర్సిటీ విమానయాన, అంతరిక్ష చట్టాలు బోధిస్తోంది. 2021 జులైలో అంతరిక్షం అంచు తాకి వచ్చిన మన తెలుగింటి ఆడపడుచు బండ్ల శిరీషకు అప్పట్లో వర్జిన్ గెలాక్టిక్‌లో ఉన్న పదవిలో ప్రభుత్వ వ్యవహారాలు ఒక పెద్ద భాగం. ఆవిడ ఇంజనీరింగ్ చదివారు, ఆ పైన ఎంబీఏ చేశారు. తానా సభల్లో ఆవిడ ఫొటో చూపి పిల్లలను ఏరోస్పేస్ చదవమంటున్నారు. ఆ ఎంబీఏ మాట ఎవరూ ఎత్తరు.

1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ప్రైవేటు కంపెనీ చేసిన పనికి కూడా బాధ్యత దాని దేశానిదే. స్కైరూట్ రాకెట్ భాగం రేపు ఏ విదేశీ నౌక మీదో పడితే నష్టపరిహారం కట్టవలసింది భారత ప్రభుత్వం. ఆ సొమ్ములో కంపెనీ దగ్గర ఎంత వసూలు చేయాలి, ఎంతకు మించి అడగకూడదు, బీమా ఎంత ఉండాలి అన్నది పార్లమెంటు చట్టంగా చెప్పాలి. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను 2017లో ప్రజాభిప్రాయానికి పెట్టారు. ఇన్‌స్పేస్ 2024లో తన నిబంధనలు ప్రచురించింది. చట్టం మాత్రం ఇంకా రావలసే ఉంది.